లాటిన్ చదివితే ఏమొస్తుంది?

2013 ఫిబ్రవరి 11న వాటికన్‌లో జరగాల్సింది మామూలు సమావేశమే. కొందరిని పునీతులుగా ప్రకటించే తేదీ ఖరారు చెయ్యడానికి కార్డినళ్లు కూర్చున్నారు. ఆ పని అయిపోయాక పోప్ పదహారవ బెనెడిక్ట్ ఒక కాగితం తీసి లాటిన్‌లో చదవడం మొదలుపెట్టారు. దూరంగా ప్రెస్ రూమ్‌లో టీవీ ముందున్న విలేకరుల్లో చాలామందికి అది ఎప్పుడూ వినపడే ప్రార్థనలాగే ఉంది. ఇటలీ వార్తాసంస్థ అన్సా విలేకరి జొవన్నా కిర్రికి మాత్రం లాటిన్ వచ్చు. పోప్ పదవి వదులుకుంటున్నారని ఆమెకు అర్థమైపోయింది. దాదాపు ఆరువందల ఏళ్లుగా ఏ పోపూ చెయ్యని పని అది. ప్రపంచానికి ఆ కబురు ముందుగా చేరింది ఆమె ద్వారానే.

లాటిన్ టీచర్లకు ఇంతకంటే ఇష్టమైన కథ ఉండదు. ‘ఇది ఎందుకు పనికొస్తుంది?’ అని అడిగే పిల్లలకు చెప్పడానికి భలేగా ఉంటుంది. చిక్కల్లా ఒకటే, పోపులు అంత తరచుగా రాజీనామా చెయ్యరు.

కథను పక్కన పెట్టినా ప్రశ్న మాత్రం పాతబడలేదు. 2021లో ఇంగ్లండ్ ప్రభుత్వం 40 ప్రభుత్వ బడుల్లో లాటిన్ నేర్పించడానికి 40 లక్షల పౌండ్ల పథకం ప్రకటించింది. ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరిలో, కొందరు పిల్లలు కోర్సు మధ్యలో ఉండగానే, నిధులు ఆగిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటలీ విద్యామంత్రి జుసెప్పే వల్దితారా, 1970ల్లో మాధ్యమిక బడుల నుంచి పంపేసిన లాటిన్‌ను ఐచ్ఛికంగా వెనక్కి తెస్తామన్నారు. ఒక దేశం తలుపు మూస్తుంటే ఇంకో దేశం తెరుస్తోంది. రెండు చోట్లా వాదించేవాళ్లు చెప్పే లాభాల జాబితా మాత్రం దాదాపు ఒకటే: బుర్ర పదునెక్కుతుంది, తర్కం వస్తుంది, వేరే భాషలు తేలిగ్గా పట్టుబడతాయి, పదసంపద పెరుగుతుంది, డాక్టరో లాయరో కావడానికి సాయపడుతుంది. వీటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు?

అసలు ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. యూరప్‌లో చదువంటేనే లాటిన్. కోపర్నికస్ 1543లో, రక్తప్రసరణ గురించి హార్వే 1628లో, న్యూటన్ 1687లో తమ తమ పుస్తకాలు వేసింది ఆ భాషలోనే. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని లిన్నేయస్ 1753లో స్థిరపరిచిందీ అందులోనే. హంగరీ రాజ్యవ్యవహారాలు 1844 దాకా లాటిన్‌లోనే నడిచాయి. చదివితే కొలువు దొరికే భాషకు వేరే సమర్థన అక్కర్లేదు. కొలువులు ఇంగ్లీషుకూ ఫ్రెంచికీ జర్మన్‌కూ తరలిపోయాకే లాటిన్ మాస్టార్లకు కొత్త కారణం కావలసి వచ్చింది. కసరత్తుతో కండ పెరిగినట్టు లాటిన్ వ్యాకరణంతో మెదడు బలపడుతుందన్న సిద్ధాంతం 19వ శతాబ్దంలో బాగా చెల్లింది. ఉపయోగం తగ్గేకొద్దీ వాగ్దానాలు పెరిగాయన్నమాట.

ఆ నమ్మకం ఎంత దూరం వచ్చిందో చూడాలంటే మన జిల్లాలను ఏలిన కలెక్టర్లను ఎలా ఎంచారో చూస్తే చాలు. మెకాలే సంఘం సిఫార్సు మీద 1855లో ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష పెట్టారు. అందులో లాటిన్‌కు 750 మార్కులు, గ్రీకుకు 750. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. గుంటూరులో శిస్తు లెక్కలు చూడబోయే కుర్రవాడికి వర్జిల్ కావ్యం తెలియడం రెట్టింపు ముఖ్యమని లండన్‌లో తేల్చారు. పరీక్ష రాయాలంటే ఓడెక్కి అక్కడికే వెళ్లాల్సిన భారతీయ కుర్రాళ్లకు ఈ మార్కుల పట్టిక ఇంకో గోడ అయింది.

మెదడు పదునెక్కుతుందన్న మాటను మొదట గట్టిగా తూకం వేసిన మనిషి కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో పనిచేసిన ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1901లోనే ఆయన సహపరిశోధకుడు వుడ్‌వర్త్‌తో కలిసి, ఒక పనిలో సాధించిన నేర్పు వేరే పనిలోకి అంత తేలిగ్గా పాకదని చూపించారు. 1924లో వేసిన పెద్ద అధ్యయనంలో 8,500 మందికి పైగా హైస్కూలు పిల్లలకు ఏడాది తేడాతో రెండుసార్లు పరీక్షలు పెట్టి, ఏ సబ్జెక్టు చదివినవాళ్ల ఆలోచనాశక్తి ఎంత పెరిగిందో లెక్కగట్టారు. సబ్జెక్టుల మధ్య తేడా చాలా స్వల్పం. లాటిన్‌కు ప్రత్యేకమైన మహిమేదీ కనపడలేదు. మరి లాటిన్ క్లాసులో అంతమంది చురుకైన పిల్లలు ఎలా ఉన్నారు? చురుకైనవాళ్లను అక్కడికి పంపారు కాబట్టి. తెలివైన పిల్లలంతా వ్యాయామమూ నాటకమూ తీసుకుంటే ఆ సబ్జెక్టులే తెలివి పెంచుతున్నట్టు కనిపించేవని ఆయన చురక వేశారు.

నూరేళ్లయినా ఈ చురక పదును తగ్గలేదు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే సాట్ పరీక్ష ఇంగ్లీషు విభాగంలో లాటిన్ చదివినవాళ్ల సగటు మార్కులు మిగతావాళ్ల కంటే ఎక్కువని స్కూళ్లు గోడల మీద అంటిస్తుంటాయి. అంకెలు అబద్ధం కావు. లాటిన్ ఎంచుకునే ఇంటి పిల్లలు ఆ భాష ముట్టుకోకముందు ఎలా ఉన్నారన్నది మాత్రం ఆ పోస్టరు చెప్పదు.

రెండో వాగ్దానం, అంటే వేరే భాషలు తేలిగ్గా వస్తాయన్నది, వినడానికి ఇంకా సహజంగా ఉంటుంది. స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచి లాటిన్ బిడ్డలే కదా, తల్లి తెలిస్తే పిల్లలు తెలియరా? జర్మనీలో లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. మొదట, లాటిన్‌తో మొదలుపెట్టిన పిల్లలను ఇంగ్లీషుతో మొదలుపెట్టినవాళ్లతో పోల్చారు. రెండేళ్ల తర్వాత తెలివితేటల పరీక్షల్లో గానీ, లెక్కల్లో, జర్మన్‌లో వచ్చిన మార్కుల్లో గానీ తేడా లేదు. 2003లో ప్రచురించిన రెండో అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. స్కూల్లో లాటిన్ చదివిన విశ్వవిద్యాలయ విద్యార్థులనూ, ఫ్రెంచి చదివినవాళ్లనూ ఒకే స్పానిష్ కోర్సులో కూర్చోబెట్టి చివర్లో పరీక్ష పెట్టారు. ఫ్రెంచి చదివినవాళ్లు తక్కువ తప్పులు చేశారు. లాటిన్‌వాళ్లు స్పానిష్ వాక్యంలో ఉండాల్సిన చిన్న చిన్న మాటలు ఎగరగొట్టేశారు, ఎందుకంటే లాటిన్‌లో ఆ పని పదం చివరి ప్రత్యయమే చేసేస్తుంది. అంటే తల్లి దగ్గర నేర్చిన అలవాటే కూతురి దగ్గర అడ్డొచ్చింది. స్పానిష్ కావాలనుకునేవాళ్లు స్పానిషే చదవడం మేలు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు, కానీ నిరూపించడానికి ఇంతకాలం పట్టింది.

అయితే లాటిన్ కథ ఇక్కడితో అయిపోదు. పిల్లలను ఏరి కూర్చోబెట్టకుండా అందరికీ నేర్పితే ఏమవుతుందో చూపిన ప్రయోగం ఫిలడెల్ఫియాలో జరిగింది. 1960ల చివరి నుంచి 1970ల దాకా ఆ నగరపు ప్రభుత్వ బడుల్లో అయిదు, ఆరు తరగతుల పిల్లలకు రోజుకు 15, 20 నిమిషాల చొప్పున లాటిన్ చెప్పారు. వాళ్లలో పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు చాలామంది. రుడాల్ఫ్ మాసియాంటోనియో నడిపించిన ఈ కార్యక్రమంలో విభక్తి పట్టికలు బట్టీ పట్టించలేదు. బొమ్మలు, ఆటలు, నోటితో మాట్లాడించడం, ప్రతి లాటిన్ ధాతువు నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటలను పక్కనే చూపించడం, ఇదీ పద్ధతి. లాటిన్ చదివిన పిల్లలు ఇంగ్లీషు పదసంపద పరీక్షలో చదవనివాళ్ల కంటే పూర్తిగా ఒక ఏడాది ముందున్నారు.

ఇది గట్టి లాభమే. అయితే ఎవరికి, ఎందుకు వచ్చిందో చూసుకోవాలి. ఇంగ్లీషులో వంటింటి మాటలు, వీధి మాటలు ఎక్కువగా జర్మానిక్ మూలం నుంచి వచ్చాయి. పాఠ్యపుస్తకం మాటలు, ఆఫీసు మాటలు లాటిన్ నుంచి, చాలావరకు ఫ్రెంచి మీదుగా వచ్చాయి. చదువుకున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఈ రెండో రకం మాటలు భోజనాల దగ్గరే చెవిన పడతాయి. మిగతావాడికి బడే వాటిని మొదట పరిచయం చెయ్యాలి. ఆ బడి వాటి పుట్టుక కూడా చూపిస్తే, ఒక్కో మాటా విడిగా మోయకుండా గుత్తులు గుత్తులుగా పట్టుకుంటాడు. ఇన్నాళ్లుగా ధనికుల పిల్లలకు చెప్పిన పాఠం వల్ల నిజంగా ఎక్కువ లాభపడేది పేదింటి పిల్లలేనన్నమాట. ఎవెలియన్ బ్రాకే, సెరి బ్రాడ్‌షా అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడూ అక్షరాస్యత విషయంలో ఇలాంటి ఆధారాలే దొరికాయి. కాకపోతే అధ్యయనాల్లో చాలావాటి పద్ధతి అంత గట్టిది కాదని, ఎక్కువ భాగం పాత అమెరికన్ లెక్కలేనని వాళ్లే హెచ్చరించారు.

బెర్లిన్‌లోనూ ఇదే దారిలో ఒక ప్రయత్నం నడిచింది. నాయ్‌కోల్న్ పేటలో ఇళ్లలో టర్కిష్, అరబ్బీ మాట్లాడుకునే పిల్లలే ఎక్కువగా చదివే బడిలో, హంబోల్ట్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు స్టెఫాన్ కిప్ఫ్ బృందం లాటిన్‌ను జర్మన్ నేర్పే సాధనంగా వాడి చూసింది. లాటిన్ ఎవరి ఇంటి భాషా కాదు గనుక అందరూ ఒకే గీత దగ్గర మొదలవుతారు. ప్రతి వాక్యాన్నీ కచ్చితమైన జర్మన్‌లోకి తేవాలి కాబట్టి జర్మన్ వాక్యం ఎలా కుదురుతుందో ఆగి చూడక తప్పదు. ఇక్కడా అద్భుతాలేమీ జరగలేదు. వచ్చిన లాభాలు ఓ మోస్తరువే, కానీ ఆలోచన తెలివైనది.

ఆగి చూడడం అంటే ఏమిటో ఒక వాక్యంతో తేలుతుంది. ‘పుయెర్ కనెమ్ విదెత్’ అంటే అబ్బాయి కుక్కను చూస్తున్నాడు. ‘పుయెరుమ్ కనిస్ విదెత్’ అంటే కుక్క అబ్బాయిని చూస్తోంది. మాటల వరుస మారలేదు, చివరి అక్షరాలే మారాయి. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లవాడు మొదట వచ్చిన మాటే కర్త అనుకుని బోర్లాపడతాడు. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్ల మాత్రం ‘అబ్బాయిని కుక్క చూస్తోంది’ అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. క్రియ చివర రావడం కూడా ఆమెకు వింత కాదు. అమెరికాలో ఏడో తరగతిలో లాటిన్ తీసుకునే తెలుగు పిల్లలకు అమ్మ మాట్లాడే భాష ఇలా అక్కరకొస్తుందని అక్కడి బళ్లు చెప్పవు, ఇంట్లో ఎవరైనా చెప్పాల్సిందే. ఇదే పిల్లల లోకంలో లాటిన్‌కు ఇంకో గిరాకీ ఉంది. స్పెల్లింగ్ బీ పోటీల్లో మైకు ముందు నిలబడి ‘ఈ మాట ఏ భాషది?’ అని అడిగే పిల్లలు లాటిన్ ధాతువులు వందల కొద్దీ నూరి వచ్చినవాళ్లే. 2024లో ఆ జాతీయ పోటీ గెలిచిన ఫ్లోరిడా కుర్రాడిదీ తెలుగు కుటుంబమే. అయితే ధాతువులు నూరడం వేరు, భాష చదవడం వేరు.

డాక్టర్లకూ లాయర్లకూ పనికొస్తుందన్న మాటను కూడా ఇక్కడే పక్కన పెట్టెయ్యొచ్చు. మన ఊరి మెడికల్ షాపు కుర్రాడు చీటీ మీద బీడీ అని ఉంటే రోజుకు రెండుసార్లని, టీడీఎస్ అని ఉంటే మూడుసార్లని, హెచ్ఎస్ అని ఉంటే పడుకునే ముందని చెప్పి కవరు మీద గీతలు పెట్టి ఇస్తాడు. అవన్నీ లాటిన్ మాటల పొడి అక్షరాలే. ఆ సంగతి అతనికి తెలియకపోయినా రోగికి మాత్ర సరిగ్గానే అందుతుంది. హెబియస్ కార్పస్, మాండమస్, కోవారంటో, సెర్షియొరారి మన రాజ్యాంగం 32వ అధికరణంలోనే ఉన్నాయి, కోర్టు ‘సుమోటోగా’ కేసు తీసుకుందని తెలుగు పేపర్లు రాస్తూనే ఉన్నాయి. వృక్షశాస్త్రంలో కాస్త ఎక్కువ పని పడుతుంది. సటైవా అంటే సాగుచేసేదని తెలిస్తే వరి, వెల్లుల్లి, ధనియాలు ఒకే చోట గుర్తుంటాయి. అఫిసినేల్ అంటే మందుల కొట్టుకు చెందినదని తెలిస్తే అల్లం పేరు మరిచిపోవడం కష్టం. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ పెట్టిన పేర్లూ ఈ అచ్చులోవే. కానీ కొత్త మొక్కను ప్రకటించాలంటే లాటిన్‌లో వర్ణన ఉండాలన్న నియమాన్ని 2012 జనవరి 1 నుంచి ఆ శాస్త్రజ్ఞులే సడలించి, ఇంగ్లీషైనా చాలన్నారు. రెండు వందల మాటల పట్టికతో తీరే అవసరానికి అయిదేళ్ల కోర్సు అడగడం న్యాయం కాదు.

ఇక ఎవరూ బ్రోషర్లలో వెయ్యని లాభం ఒకటుంది. అది హోదా. బ్రిటిష్ కౌన్సిల్ సర్వే ప్రకారం 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే బడులు ఇంగ్లండ్‌లో ప్రైవేటు రంగంలో 49 శాతం, ప్రభుత్వ రంగంలో 2.7 శాతం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ 1960 దాకా ప్రవేశానికి లాటిన్ అడిగేవి. అవి మానేశాక బడుల్లో ఆ భాష జారిపోయింది. అమెరికాలో 1962లో ఏడు లక్షల మంది హైస్కూలు పిల్లలు లాటిన్ చదివేవాళ్లు, 1976కల్లా లక్షన్నర మంది మిగిలారు. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక ప్రభుత్వ డబ్బు సైన్సుకూ రష్యన్ లాంటి జీవద్భాషలకూ పోయింది. కాథలిక్ చర్చి కూడా పూజను జనం భాషల్లోకి మార్చింది, మన గుంటూరు, ఏలూరు చర్చిల్లో తెలుగు పూజ మొదలైందీ ఆ మార్పుతోనే. జర్మన్ సమాజశాస్త్రజ్ఞుడు యుర్గెన్ గెర్హార్డ్స్ బృందం 2019లో తేల్చిందేమంటే, రుజువులు లేకపోయినా తల్లిదండ్రులు లాటిన్ లాభాలను గట్టిగా నమ్ముతున్నారు, లాటిన్ వచ్చినవాణ్ని జనం ఎక్కువ చదువుకున్నవాడిగా లెక్కిస్తున్నారు. నమ్మకమే ఆస్తి అవుతోంది.

ఇటలీలో ఈ తగువు ఇంకా పదునుగా సాగింది. కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రామ్షీ 1930ల్లో జైల్లో కూర్చుని రాసుకున్న నోటుపుస్తకాల్లో లాటిన్‌ను వెనకేసుకొచ్చాడు. కూలివాళ్ల పిల్లలకు గంటల కొద్దీ కుదురుగా కూర్చుని చదివే అలవాటు కూడా ఇవ్వాలనీ, లాటిన్ తీసేస్తే ఆ పని చేసే ఇంకో సబ్జెక్టును దాని స్థానంలో పెట్టడం తేలిక కాదనీ ఆయన వాదన. దీనికి ఎదురుగా, 1967లో బార్బియానా అనే కొండపల్లె పిల్లలు ఎనిమిది మంది, లొరెంజో మిలానీ అనే ఫాదర్ దగ్గర చదువుకుంటూ, ఒక టీచరమ్మకు ఉత్తరం రూపంలో పుస్తకం రాశారు. పేదపిల్లలను ఫెయిల్ చేసి పొలానికి పంపే యంత్రంగా బడిని చూపించిన ఆ పుస్తకం దేశాన్ని కుదిపింది. ఇద్దరి పక్షమూ పేదవాడే, దారులే వేరు. తెలుగు పాఠకులకు ఇక్కడ ఇంటర్మీడియెట్ సంస్కృతం గుర్తుకు రాక మానదు. రెండో భాషగా దాన్ని తీసుకునే వేలాది పిల్లల్లో కాళిదాసు కోసం తీసుకునేవాళ్లు ఎందరు, మార్కుల కోసం తీసుకునేవాళ్లు ఎందరు అన్నది కార్పొరేట్ కాలేజీల కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. భాషను ఇంకో దాని కోసం చదివిస్తే, ఆ ఇంకోటి చేతికి రాగానే భాష జారిపోతుంది.

అందుకే లాటిన్‌ను లాటిన్ కోసం చెప్పాలన్న పక్షం ఇప్పుడు నయం అనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఆ పని ఎప్పుడో మొదలుపెట్టాయి. చర్చిల్‌కు చిన్నప్పుడు బల్లను సంబోధించే రూపం వల్లించమంటే, తానెప్పుడూ బల్లతో మాట్లాడనని జవాబిచ్చాడు. ఆ కాలపు పుస్తకాల మీద తిరుగుబాటుగా 1970లో వచ్చిన కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు పిల్లలను నేరుగా పాంపే నగరంలో కైకీలియస్ అనే వడ్డీ వ్యాపారి ఇంట్లోకి తీసుకెళ్తుంది. భార్య మెతెల్లా, కొడుకు క్వింటస్, వంటవాడు గ్రూమియో, కుక్క కెర్బెరస్. కైకీలియస్ నిజంగా ఉన్నవాడే. అతని ఇంట్లో 1875లో తవ్వితే మైనపు పలకల మీద రాసిన లావాదేవీలు నూట యాభైకి పైగా దొరికాయి. తర్వాత, బానిసలను నవ్వుతాలుకు చూపించిన తీరు మీద విమర్శ వచ్చి, 2022 నాటి అయిదో కూర్పులో దాన్ని దిద్దారు.

ఈ దారిన నాలుగైదేళ్లు నడిస్తే అసలు రాతలు అందుతాయి, వాటికి దీటైన లాభం జాబితాలో మరొకటి లేదు. రోమన్ రచయిత పెద్ద ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దంలో రాసిన ప్రకృతి చరిత్రలో, ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయన్న మాట మన చరిత్ర విద్యార్థులందరూ పరీక్షల్లో రాసేదే. దాన్ని లాటిన్ మూలంలో చదివి, ఆ అంకెల ముందూ వెనకా ఏముందో చూసినవాళ్లు మాత్రం తక్కువ. అదే పుస్తకంలో భారత్ ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల రోమన్ డబ్బు లాగేస్తోందని ఆయన వాపోయాడు. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైన 79వ సంవత్సరంలో ఆయన నౌకాదళంతో సాయానికి వెళ్లి చనిపోయాడు. ఆయన మేనల్లుడు చిన్న ప్లినీకి అప్పుడు 17 ఏళ్లు. కొండ మండుతుంటే తాను లివీ చరిత్ర ముందేసుకుని నోట్సు రాసుకుంటూ కూర్చున్నానని తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కు ఉత్తరం రాశాడు. ఏ ధాతువుల పట్టికా ఈ కుర్రాణ్ని చూపించలేదు.

ఆ ఉత్తరాలు 2025–26 నుంచి అమెరికా హైస్కూళ్ల ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాటిన్ సిలబస్‌లో చేరాయి. అక్కడి తెలుగు ఇళ్లలో ఆరో తరగతి అయ్యేసరికి స్పానిషా, ఫ్రెంచా, లాటినా అన్న చర్చ వస్తుంది. పొరుగువాళ్లతో, రోగులతో, పనివాళ్లతో మాట్లాడే అవసరం చూస్తే స్పానిష్‌కే ఓటు. చదవడమంటే ఇష్టమున్న పిల్ల, వాక్యాన్ని విప్పి చూడడంలో సరదాపడే పిల్లవాడు ఉంటే లాటిన్ బాగా కుదురుతుంది, అయితే ఒకటి రెండేళ్లకు ఆపేస్తే విభక్తి పట్టికలు తప్ప ఏమీ మిగలవు. కాబట్టి ఫారం నింపే ముందు ఆ బడిలో నాలుగేళ్ల కోర్సు ఉందో లేదో, పిల్లలను ప్లినీ దాకా తీసుకెళ్లే టీచరు ఉన్నారో లేదో కనుక్కోవడం మంచిది. అమెరికాలో లాటిన్ టీచర్ల కొరత చాలా కాలంగా ఉన్నదే.